పెరటి షెడ్డుకు చెక్క నేల

పెరటి షెడ్డు అంటే ఉత్తర అమెరికాలో ఇంటి వెనక, ఇంటిగోడకు అంటకుండా విడిగా వేసుకునే సామాన్ల కొట్టు. గడ్డి కోసే యంత్రం, తోటపని ముట్లు, సైకిళ్ళు, మంచు ఎత్తే పారలు, ఇంట్లో చోటు దొరకని సరంజామా అంతా అందులోకే చేరుతుంది. 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు బాగా వాడుకలో ఉన్న కొలత. కొన్ని ఊళ్ళలో 120, మరికొన్నిచోట్ల 200 చదరపు అడుగుల లోపు షెడ్డుకు కట్టడపు అనుమతి అక్కర్లేదు. అందువల్ల వడ్రంగం ఎరగని ఇంటి యజమాని కూడా సాహసించి చేపట్టే పనుల్లో ఇదొకటి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం చెక్క నేల కాస్త కొత్త. మన ఊళ్ళలో నేల అంటే గచ్చు, నాపరాయి, సిమెంటు. కలప తలపైన దూలంగానో అటకగానో ఉండేదే తప్ప కాళ్ళ కింద పరిచేవారు తక్కువ. ఈ కొత్తదనం వల్ల మొదట పుట్టే భయం బరువు గురించి: యంత్రాన్ని మోస్తుందా, కుంగదా, విరగదా? కానీ షెడ్డు నేలలు పాడయ్యే తీరు చూస్తే ఆ భయం తప్పు చోట పెట్టినదని తెలుస్తుంది. అవి బరువుకు విరగడం అరుదు, తడికి చివికిపోవడమే మామూలు. లావు దూలాల మీద పెట్టే డబ్బులో కొంత నీరు పోయే దారికీ గాలి ఆడే సందుకూ మళ్ళిస్తేనే నేల ఎక్కువ కాలం నిలుస్తుంది.

కట్టు సులువైనదే. అన్నిటికన్నా కింద కంకర పరుపు. దానిమీద షెడ్డు పొడవునా పడుకునే అడుగు దూలాలు, వీటిని స్కిడ్లంటారు. వాటికి అడ్డంగా, సన్నని అంచు మీద నిలబెట్టిన పలకలు, అంటే జోయిస్టులు. జోయిస్టుల కొసలను కలుపుతూ రెండు పక్కలా అంచు పలకలు. ఆపైన ప్లైవుడ్ పరుపు, దానిమీద గోడలు. కలప కొలతల దగ్గర ఒక తిరకాసు ఉంది. రెండు బై ఆరు అని అమ్మే పలక నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, ఐదున్నర అంగుళాల ఎత్తు. నాలుగు బై నాలుగు దూలం మూడున్నర అంగుళాల చదరమే. పచ్చిగా కోసినప్పటి కొలత పేరులో నిలిచిపోయింది. ఆరి, చిత్రిక పట్టాక మిగిలేది ఇంతే. కింది లెక్కలన్నీ ఈ నిజ కొలతలతోనే.

బరువు సంగతి ముందు తేల్చుకుందాం. అమెరికా నివాస గృహ నియమావళి గదుల నేల మోయాల్సిన బరువును చదరపు అడుగుకు 40 పౌన్లుగా తీసుకుంటుంది. 96 చదరపు అడుగుల షెడ్డుకు అది 3,840 పౌన్లు, దాదాపు 1,740 కిలోలు. మామూలు పెరటి సామాను ఈ దరిదాపులకు రావడమే కష్టం. 12 అడుగుల స్కిడ్లు మూడు వేస్తే, ఒక్కోటీ మూడున్నర అంగుళాల వెడల్పున నేలను తాకుతుంది. అన్నీ కలిపి పదిన్నర చదరపు అడుగుల ఆనిక. అంటే మట్టిమీద పడే ఒత్తిడి చదరపు అడుగుకు సుమారు 366 పౌన్లు. పరీక్షలు చేయించని మామూలు బంకమట్టికి సైతం అదే నియమావళి ఇచ్చే భరోసా 1,500 పౌన్లు. గోడలు, కప్పు, కప్పు మీద పేరుకునే మంచు కలిసి బరువు రెట్టింపైనా ఒత్తిడి ఆ హద్దులో సగం దగ్గరే ఆగుతుంది. జోయిస్టుల లెక్కా ఇలాగే ఉంటుంది. 8 అడుగుల జోయిస్టుకు రెండు కొసల దగ్గర, నడుమ కలిపి మూడు చోట్ల స్కిడ్ల ఊతం ఉంటే, ఊతం లేకుండా గాలిలో నిలిచే పొడవు 4 అడుగులకు మించదు. ఇంత చిన్న అంతరానికి కాగితం మీద రెండు బై నాలుగు పలక కూడా నెగ్గుతుంది. అయినా అనుభవమున్న వడ్రంగులు రెండు బై ఆరే వాడతారు. పలక వంగకుండా నిలిచే గుణం దాని ఎత్తు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక మూడున్నర నుంచి ఐదున్నర అంగుళాలకు పోతే బిగువు దాదాపు నాలుగింతలవుతుంది, నడిచేటప్పుడు నేల ఊగదు. చాలామంది పట్టించుకోని రెండో లాభం ఒకటుంది: ప్లైవుడ్ మట్టికి మరో రెండు అంగుళాలు దూరమవుతుంది.

ఆ రెండు అంగుళాలు ఎందుకంటే, కలప కుళ్ళడమనేది శిలీంధ్రాల భోజనం. వాటికి కావలసినవి నాలుగు: తినడానికి కలప, బతకడానికి కాస్త వెచ్చదనం, గాలి, తడి. మొదటి మూడూ పెరట్లో ఎప్పుడూ ఉండేవే, మన చేతిలో ఉన్నది నాలుగోదే. కలప పోగుల గోడలు పట్టుకోగలిగినంత తేమ పట్టుకునే స్థితి బరువులో సుమారు 30 శాతం దగ్గర వస్తుంది; శిలీంధ్రం దర్జాగా పెరిగేది అది దాటాకే. కాస్త ఎడం ఉంచి, తేమ 20 శాతానికి లోపున్న కలప కుళ్ళదని నియమంగా పెట్టుకున్నారు. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910లో వెలసిన అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల దశాబ్దాలుగా చెబుతున్న మాట ఇదే. వాన తగలకుండా, గాలి ఆడే చోట ఉన్న కలప అమెరికాలో చాలా ప్రాంతాల్లో 12 శాతం అటూఇటూగా నిలుస్తుంది. అంటే గాలిలో చెమ్మ ఒక్కటే కలపను చంపదు. నీరు నీరుగా వచ్చి తగలాలి, తగిలింది ఆరకుండా ఉండాలి. పూర్తిగా మునిగినా కలప కుళ్ళదు, అక్కడ గాలి అందదు కనుక. వెనిస్ నగరాన్ని మోస్తున్న కొయ్య గుంజలు బురదలో శతాబ్దాలుగా నిలవడానికి కారణం అదే. కంచె గుంజ సరిగ్గా నేలమట్టం దగ్గరే విరగడానికీ కారణం ఇదే: అక్కడ తడీ ఉంది, గాలీ ఉంది. మట్టిని ఆనుకున్న షెడ్డు నేల మొత్తం ఆ నేలమట్టం రేఖలోనే బతుకుతుంది.

ఈ సంగతి రసాయనాలు రాకముందే ధాన్యం దాచుకునే వాళ్ళకు తెలుసు. జపాన్‌లోని నారాలో 8వ శతాబ్దపు షోసోయిన్ భాండాగారం నేల మనిషి తలకన్నా ఎత్తున, లావుపాటి స్తంభాల మీద ఉంటుంది. లోపలి పట్టు, కాగితం, వాద్యాలు ఇప్పటికీ భద్రం. స్పెయిన్ వాయవ్యంలోని గలీసియాలో ఓర్రెయో అనే గాదెలు రాతి కాళ్ళ మీద నిలుస్తాయి. ఇంగ్లండులో పుట్టగొడుగు ఆకారపు రాళ్ళ మీద ధాన్యపు కొట్లను ఎత్తేవారు. మన పల్లెల్లోనూ గాదెను నేలకు ఆనించకుండా రాళ్ళ మీద నిలిపేవారు. ఇదంతా ఎలుకల కోసం చేసింది, తడి కోసం కాదని ఎవరైనా అనవచ్చు. ఎలుకల మాట నిజమే, గలీసియా గాదెల కాళ్ళ మీది పలకరాళ్ళు వాటికోసమే. కానీ అడుగున ఖాళీ వదిలితే రెండు పనులూ ఒకేసారి అయ్యాయి. ఎలుక ఎక్కలేని ఎత్తు ఊట కూడా ఎక్కలేని ఎత్తే.

రసాయన శుద్ధి చేసిన కలప ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది కదా, ఇంక తడి భయమెందుకన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికి చరిత్రలోంచే జవాబు చెప్పాలి. జాన్ బెథెల్ 1838లో ఇంగ్లండులో క్రియోసోటును ఒత్తిడితో కలప లోపలికి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాడు. రైలు స్లీపర్లు దానితోనే నిలబడ్డాయి. వాసన లేని, చేతికి అంటని మందు కోసం వెతుకులాట ఫలించింది 1933లో, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో. ఇంటిపేరు వినగానే తెలుగువాళ్ళు చెవి రిక్కించే సొంటి కామేశం అక్కడ రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి, కలపలో ఒకసారి పట్టాక నీటికి కరిగిపోని మిశ్రమం తయారుచేశాడు. అమెరికా పెరళ్ళలో కొన్ని దశాబ్దాల పాటు కనిపించిన ఆకుపచ్చ కలప అంతా ఈ మిశ్రమం తాగినదే. షెడ్ల చరిత్ర రాసేవాళ్ళు ఆయన పేరు ఎత్తరు, ఎత్తడం న్యాయం. ఆర్సెనిక్ మీద ఆందోళన పెరగడంతో 2003 చివరికల్లా ఇళ్ళ అవసరాలకు దాని తయారీ అమెరికాలో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చినవి రాగి పాలు ఎక్కువగా ఉన్న మందులు. ఆ రాగి తడిలో ఇనుముతో కలిస్తే మేకును తినేస్తుంది. అందుకే ఇప్పటి శుద్ధి కలపకు మామూలు మేకులు పనికిరావు. వేడి జింకులో ముంచి తీసినవో, స్టెయిన్‌లెస్ ఉక్కువో కావాలి. పలక నిలిచి, దాన్ని పట్టుకున్న స్క్రూ కరిగిపోతే నేల నిలిచినట్టు కాదు.

శుద్ధి కలపలోనూ తరగతులున్నాయి. పలక కొసన కొట్టిన చీటీ మీద యూసీ3బీ అని ఉంటే అది నేలకు ఎత్తుగా, గాలి ఆడేచోట వాడదగినది. యూసీ4ఏ అని ఉంటే మట్టిని తాకినా తట్టుకునేది. స్కిడ్లు రెండో రకానివే అయి తీరాలి. జోయిస్టులు కిందకి దగ్గరగా ఉంటాయి కనుక వాటికీ అదే మేలు. మందు పలక నడిమిదాకా ఎప్పుడూ సమానంగా పోదు. దక్షిణాది పైన్ బాగా పీల్చుకుంటుంది. డగ్లస్ ఫర్ చేవ పీల్చుకోదు, అందుకే దాని ఒంటినిండా చిన్న గాట్లు పెట్టి మందు ఎక్కిస్తారు. రంపంతో కోసిన ప్రతి కొసా మందు అందని లోపలి కలపను బయటపెడుతుంది. అక్కడ కాపర్ నాఫ్తనేట్ పూయడం రెండు నిమిషాల పని, ఎక్కువమంది వదిలేసే పని కూడా. శుద్ధి అంటే కలప ఎంత తడిసినా చెడని వరం కాదు, తడిసినా కొంతకాలం ఓర్చుకునే గడువు. కోత ముక్కలను పొయ్యిలోకి మాత్రం పంపకూడదు, ఆ పొగ విషం.

ఇక చోటు ఎంపిక. పెరట్లో ఎత్తున్న మూల దొరికితే సగం పని అయినట్టే. పల్లంలో వేసిన షెడ్డుకు పైనుంచి పారే నీళ్ళన్నీ అతిథులే. గడ్డి, వేళ్ళు, నల్లమట్టి నాలుగైదు అంగుళాల మేర తీసేయాలి, ఎందుకంటే అది కుళ్ళి కుంగే మట్టి. వాలు ఉంటే ఎత్తువైపు తవ్వి సమం చేయాలే కానీ పల్లం వైపు మట్టి పోసి కాదు. పోసిన మట్టి ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటుంది. తవ్విన చోట నీరు వదిలే గుడ్డ పరిచి, ముప్పావు అంగుళం పరిమాణపు పగలగొట్టిన రాతి కంకర కనీసం నాలుగు అంగుళాలు పోసి దిమ్మిస కొట్టాలి. నదిలో దొరికే గుండ్రని గులకరాళ్ళు చూడ్డానికి బాగుంటాయి గానీ కాలి కింద జారతాయి; కోణాలున్న రాయి ఒకదానికొకటి బిగుసుకుంటుంది. అందులో రాతిపొడి కలిసి ఉండకూడదు, ఆ పొడి సందులు పూడ్చి ఊటను పైకి పీలుస్తుంది. పరుపు గోడలకన్నా ఒక అడుగు వెలుపలికి రావాలి. చూరు నుంచి పడే నీరు మట్టి మీద పడితే బురద చిమ్మి గోడ అడుగును రోజంతా తడిగా ఉంచుతుంది, కంకర మీద పడితే ఆ చిమ్ముడు బాగా తగ్గుతుంది. గోడ పలకకూ మట్టికీ నడుమ ఆరు అంగుళాలన్నా ఖాళీ ఉండాలన్న నియమం కూడా ఇందుకే.

చలి రాష్ట్రాల వాళ్ళు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు: కింద నేల గడ్డకట్టి ఉబికినప్పుడు పునాది లేని షెడ్డు పైకి లేవదా? మిన్నెసోటాలో ఇళ్ళ పునాదులు దక్షిణాన 42, ఉత్తరాన 60 అంగుళాల లోతుకు పోవాలని నియమం ఉంది. నాలుగు అంగుళాల కంకర ఏపాటిది? కానీ నేల ఉబకడానికి చలి ఒక్కటే చాలదు, నీటిని పైకి పీల్చే మెత్తటి మట్టి, ఆ మట్టిలో నీరు కూడా ఉండాలి. కంకరలో నీరు నిలవదు, రాళ్ళ సందుల్లో పైకి ఎక్కదు. లోతున మట్టి కాస్త ఉబికినా మూడు స్కిడ్ల మీద ఒకే చట్రంగా ఉన్న షెడ్డు మొత్తంగా లేచి మొత్తంగా దిగుతుంది. ఒక మూల లోతైన కాంక్రీటు గుంజ, ఇంకో మూల పై మట్టి మీద దిమ్మె ఉన్నప్పుడే తలుపు ఇరుక్కుంటుంది. అటువంటి మిశ్రమ పునాదికన్నా పునాది లేకపోవడమే మంచిది.

చట్రం బిగించేటప్పుడు స్కిడ్లను రసమట్టం చూసి పొడవునా, అడ్డంగానూ సమం చేయాలి. ప్రతి జోయిస్టుకూ కంటితో చూస్తే తెలిసే సన్నని వంపు ఉంటుంది. ఆ వంపు పైకి ఉండేలా నిలబెడితే బరువు పడ్డాక అదే సర్దుకుంటుంది, కిందికి పెడితే నేలలో గుంట శాశ్వతం. జోయిస్టుల నడుమ దూరం మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాలు. ఇది 8 అడుగుల ప్లైవుడ్ షీటులో సరిగ్గా ఆరుసార్లు పడుతుంది, కనుక అతుకు ఎప్పుడూ జోయిస్టు మీదే వస్తుంది. మూలలు మట్టంగా ఉన్నాయా అన్నది మూలమట్టంతోకన్నా కర్ణాలతో బాగా తెలుస్తుంది. 8 బై 12 చట్రానికి రెండు కర్ణాలూ 14 అడుగుల 5 అంగుళాలకు పిసరు ఎక్కువగా, ఒకదానికొకటి సమానంగా రావాలి. జోయిస్టులను స్కిడ్లకు లోహపు మూలపట్టీలతో బిగించాలి. ఈదురుగాలుల ప్రాంతాల్లో స్కిడ్లను నేలలోకి మర దించే లంగరులకు కట్టాలి, తేలిక షెడ్డును గాలి ఎత్తుకుపోగలదు. ఇక్కడ బరువు తక్కువ కావడమే చిక్కు.

పైన పరిచే ప్లైవుడ్ ముప్పావు అంగుళం మందం ఉండాలి, శుద్ధి చేసినదైతే మరీ మంచిది. పలుచని కలప తునకలను జిగురుతో ఒత్తిన ఓఎస్‌బీ పలక చవక, పొడిగా ఉన్నంతకాలం గట్టిదే. కానీ తడిసిన అంచు ఉబ్బితే మళ్ళీ మామూలుకు రాదు, బురద టైర్లు దొర్లే షెడ్డుకు అది తగదు. పై పొర పోగులు జోయిస్టులకు అడ్డంగా వచ్చేలా షీట్లు పరచాలి. పక్కపక్క వరుసల అతుకులు ఒకే గీతలో పడకూడదు. షీటుకూ షీటుకూ మధ్య ఎనిమిదో వంతు అంగుళం సందు వదలాలి, లేకపోతే తడికాలంలో ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అంచుల్లో ఆరేసి అంగుళాలకు, నడుమ పన్నెండేసి అంగుళాలకు స్క్రూ పడాలి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ప్లైవుడ్ ఎక్కడ ఆగాలన్నది. గోడ చట్రం కన్నా బయటికి అర అంగుళం పొడుచుకు వచ్చినా గోడ మీద జారిన వాననీరు ఆ అరుగు మీద ఆగి, గోడ కింద పలకలోకి పాకుతుంది. ప్లైవుడ్ అంచు పలకతో సమంగా ఆగాలి, గోడ తొడుగు దానిమీదుగా కిందికి ఒక అంగుళమైనా దిగాలి. ఎంత బాగా శుద్ధి చేసిన కలపైనా ఈ ఒక్క తప్పుకు అన్నిటికన్నా ముందే మూల్యం చెల్లిస్తుంది. తలుపు గడప దగ్గరా అంతే. అక్కడ లోహపు రేకు వేయకపోతే మొదట మెత్తబడేది ఆ చోటే.

తడిని అడ్డుకోవాలంటే జోయిస్టుల మీద ప్లాస్టిక్ షీటు పరిచి ప్లైవుడ్ బిగిస్తే పోదా అన్నది సహజమైన ఊహ. వేడిచేసే ఇళ్ళలో ఆవిరిని ఆపే పొరలకు తావు ఉంది. షెడ్డులో లోపలా బయటా గాలి ఒకటే. నీరు పైనుంచే, తడి చక్రాలతో, కారే డబ్బాలతో వస్తుంది. ప్లైవుడ్‌లోంచి దిగిన ఆ నీటికి కిందికి ఆరే దారి ప్లాస్టిక్ మూసేస్తుంది. అడ్డం పెట్టాలనుకుంటే కంకర అడుగున మట్టి మీద పెట్టడం వేరే సంగతి, కలపను ఆనుకుని మాత్రం వద్దు.

కాంక్రీటు వేస్తే ఈ తలనొప్పులు ఉండవు కదా అనేవాళ్ళకు కొంత న్యాయం ఉంది. దాన్ని చెదలు తినవు, ఎంత బరువైనా మోస్తుంది. కానీ 8 బై 12 చోట నాలుగు అంగుళాల పలక పోస్తే దాని సొంత బరువే దాదాపు 4,800 పౌన్లు. ఒకసారి పోశాక షెడ్డును పక్కకు జరపడం కుదరదు, కొన్ని ఊళ్ళలో అది శాశ్వత కట్టడం కింద లెక్కకొస్తుంది. పైగా కింద కంకర, ప్లాస్టిక్ లేని కాంక్రీటు మట్టిలోని చెమ్మను పీల్చి గోడ అడుగు పలకకు అందిస్తుంది. నీటి సంగతి చూసుకోవడం అక్కడా తప్పదు. కారు నిలపాలన్నా, రంపపు యంత్రాల పనిశాల పెట్టాలన్నా కాంక్రీటే సరి. తోట సామానుకు అది అనవసరపు ఖర్చు.

చెదల విషయంలో ఎత్తు నేలకున్న మేలు వేరు. ఎత్తితే అవి రాకుండా ఉండవు, కానీ మట్టి గొట్టాలు కట్టుకుంటూ స్కిడ్ల మీదుగా ఎక్కినప్పుడు కంటికి కనిపిస్తాయి. అడుగున ఖాళీకి ఉన్న నిజమైన నష్టం జంతువులు. కుందేళ్ళు, ఉడుములంత ఉండే గ్రౌండ్‌హాగ్‌లు, దుర్వాసన చిమ్మే స్కంకులు అక్కడ కాపురం పెడతాయి. గాదె కింద పందికొక్కు ఏ దేశంలోనైనా ఉంటుంది. పలకలతో చుట్టూ మూసేస్తే గాలి కూడా ఆగిపోతుంది. అర అంగుళం కళ్ళున్న జింకు పూత వలను అంచు పలకకు బిగించి, కింది భాగాన్ని మట్టిలో బయటివైపు మడిచి పూడిస్తే తవ్వే జంతువు ఆగుతుంది, గాలి ఆగదు.

చివరి అభ్యంతరం ఎత్తు. నేల పది పన్నెండు అంగుళాలు లేస్తే గడ్డికోత యంత్రం ఎలా ఎక్కుతుంది? కూర్చుని నడిపే రకమైతే బరువు సుమారు 200 కిలోలు, అదంతా నాలుగు చక్రాల కింద నాలుగు చిన్న చోట్ల పడుతుంది. బరువు భయానికి నిజంగా పనివున్న చోటు ఇదొక్కటే. చక్రాలు నడిచే దారిలో జోయిస్టులను 12 అంగుళాలకే వేస్తే చాలు. ఎక్కడానికి వాలుబల్ల కావాలి. దాని కింది కొస మట్టిని తాకక తప్పదు కాబట్టి షెడ్డు మొత్తంలో ముందుగా పోయేది ఆ బల్లే. దాన్ని నేల చట్రంలో కలిపి కట్టకుండా, మట్టికి తగిన తరగతి కలపతో విడిగా చేసి రెండు బోల్టులతో తగిలించాలి. బల్ల పై కొసకూ గడపకూ నడుమ వేలు దూరేంత సందు వదలాలి, నీళ్ళు అక్కడినుంచి కిందికి కారిపోవడానికి.